పొగపైపులో తేమకు ఒక దారి, మడ్డికి ఒక దారి

పైపు కాల్చేవారిని ఎక్కువగా విసిగించేది పొగాకు ఘాటు కాదు, గిన్నెలో పొగాకు సగం కాలేసరికి లోపల మొదలయ్యే గురగుర శబ్దం. ఆ శబ్దం వచ్చిందంటే పొగ నడవవలసిన దారిలో నీరు చేరిందని అర్థం. ఆపైన ఒక దమ్ము గట్టిగా లాగితే ఆ నీరు గోధుమరంగు చేదు బొట్టై నాలుక మీదికి వస్తుంది. ఈ బొట్టును దారి మళ్ళించడానికి పైపు తయారీదారులు 19వ శతాబ్దం చివరి నుంచి రకరకాల అరలు, గొట్టాలు, మరలు, బిళ్ళలు కనిపెడుతూ వచ్చారు. వాటిలో కొన్ని చక్కగా పనిచేశాయి. కొన్ని మాత్రం చేయని పనిని కూడా చేస్తున్నట్టు పేరు తెచ్చుకున్నాయి.

ఈ గందరగోళానికి మూలం తేమను, మడ్డిని, పొగను ఒకే పదార్థంగా చూడడంలో ఉంది. అవి పుట్టే చోట్లు వేరు, కదిలే తీరు వేరు, ఆగే చోటు వేరు. తేమనూ మడ్డినీ ఒకదానితో ఒకటి కలవకుండా చేయడం సాధ్యమే, దానికి మంచి రూపకల్పనలు ఉన్నాయి. పొగలోని విషాన్ని తీసివేయడం మాత్రం ఆ రూపకల్పనల వల్ల అయ్యే పని కాదు. ఈ రెండు మాటలనూ విడదీసి చెప్పకపోతే పైపు గురించి ఏం చెప్పినా పాఠకుడికి తప్పు దారి చూపినట్టే అవుతుంది.

పైపుకు ముఖ్యంగా మూడు భాగాలు ఉంటాయి: పొగాకు కూరే గిన్నె, గిన్నెకు అతుక్కుని ఉండే మెడ, మెడలో దూర్చి నోట పెట్టుకునే గొట్టం. గిన్నె అడుగున మొదలై నోటిదాకా సాగే సన్నని రంధ్రమే పొగదారి, దాని వ్యాసం సాధారణంగా 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నీరు చేరినా మడ్డి పట్టినా ఈ దారిలోనే.

నీరు ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే చాలామంది లాలాజలం పేరు చెబుతారు. అది కొంతవరకే నిజం. పైపు పొగాకును డబ్బాలోంచి తీసినప్పుడే అందులో తేమ ఉంటుంది, ఎండిపోకుండా ఉండడానికి గ్లిజరాల్ వంటి పదార్థాలు కూడా కలుపుతారు. గిన్నెలో 2 గ్రాముల పొగాకు కూరి, అందులో 15 శాతం తేమ ఉందనుకుంటే అదే 0.3 గ్రాముల నీరు. అయితే ఎక్కువ నీరు పుట్టేది మంటలోనే. ఆకులోని సెల్యులోజ్‌లో హైడ్రోజన్ ఉంటుంది, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. ఒక గ్రాము సెల్యులోజ్ పూర్తిగా కాలితే సుమారు 0.55 గ్రాముల నీరు పుడుతుంది. పొగాకు అంతా సెల్యులోజ్ కాదు, గిన్నెలో పూర్తిగా కాలదు కూడా, కాబట్టి అసలు లెక్క ఇంతకంటె తక్కువే ఉంటుంది. అయినా పొగాకును ఎముకలా ఎండబెట్టి కాల్చినా నీరు పుట్టక తప్పదన్న సంగతి మాత్రం ఈ లెక్కతో తేలిపోతుంది. నీరే పుట్టని పైపును ఎవరూ తయారు చేయలేరు, పుట్టిన నీరు ఎక్కడ చేరాలన్నది మాత్రమే రూపకర్త చేతిలో ఉంటుంది.

నిప్పు దగ్గర కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉన్న ఆవిరి, కాలని పొగాకు గుండా మెడలోకి వచ్చేసరికి చాలా చల్లబడుతుంది. ఉడుకుతున్న అన్నం గిన్నె మూతకు లోపలి వైపున నీటిచుక్కలు పట్టినట్టే, మెడలోని చల్లని గోడ తగలగానే ఆవిరి చుక్కలుగా మారుతుంది. దీన్నే పాఠ్యపుస్తకాల్లో సాంద్రీకరణం అంటారు. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా ఆ గోడకు ఇచ్చేస్తుంది. ఆ మార్పు మెడలో జరిగితే మెడ వేడెక్కుతుంది, నాలుక మీద జరిగితే నాలుక మండుతుంది. తడిపొగ పొడిపొగ కంటె నాలుకను ఎక్కువగా బాధించడానికి ఇది ఒక కారణం.

ఇక మడ్డి. గిన్నెలో మిగిలేవి మూడు రకాలు. పూర్తిగా కాలినది బూడిద. గిన్నె గోడకు పొరగా పట్టేది కరుడు, అది మిల్లీమీటరు మందంలో ఉంటే చెక్కను వేడి నుంచి కాపాడుతుంది, మరీ మందమైతే వేడికి చెక్క ఒక తీరుగా, కరుడు మరో తీరుగా వ్యాకోచించి గిన్నెను పగలగొడుతుంది. అడుగున తడిసి, కాలకుండా మిగిలిపోయే పొగాకు ముద్ద మూడోది. ఇవి కంటికి కనిపించే మడ్డి. కనిపించనిది పొగలోనే ఉంటుంది. పొగ అంటే వాయువు మాత్రమే కాదు, వాయువులో తేలే అసంఖ్యాకమైన జిగురు తుంపరలు. తారు, నికోటిన్, ఫినాల్ జాతి పదార్థాలు ఈ తుంపరల్లోనే ప్రయాణిస్తాయి. వాటిలో కొన్ని పొగదారి గోడను తాకి అక్కడే అతుక్కుంటాయి, అదే రోజుల తరబడి పేరుకుని నల్లని జిడ్డు పొర అవుతుంది.

నీటికీ ఈ జిడ్డుకూ పొత్తు కుదిరినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. గోడ మీద పట్టిన నీరు కిందికి జారుతూ జిడ్డులో కరిగేవాటిని కరిగించుకుని, కరగనివాటిని వెంట తోసుకుని పోతుంది. పైపును నోట పెట్టుకున్నప్పుడు గిన్నె అడుగు కిందికి ఉంటుంది కాబట్టి ఆ ద్రవం చాలావరకు గిన్నె అడుగుకే చేరి, అక్కడి పొగాకును తడుపుతుంది. తడిసిన పొగాకు సరిగా అంటుకోదు. నిప్పు ఆరిపోకుండా ఉండడానికి మనిషి ఇంకా గట్టిగా, ఇంకా తరచుగా దమ్ము లాగుతాడు. గట్టిగా లాగితే నిప్పు వేడి పెరిగి పొగాకు త్వరత్వరగా కాలుతుంది, ఆవిరి ఎక్కువవుతుంది, మెడలో నీరు ఇంకా చేరుతుంది. ఒకసారి ఈ వలయంలో పడిన పైపు, ఆరేసి శుభ్రం చేస్తే తప్ప బాగుపడదు.

ఈ వలయాన్ని మొదట తెలివిగా తెంచినవారిలో చార్లెస్ పీటర్సన్ ముఖ్యుడు. లాట్వియా ప్రాంతం నుంచి వచ్చి ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో స్థిరపడిన ఈ పనివాడు 1890లో తన ‘సిస్టమ్’ పైపుకు పేటెంటు పొందాడు, 1894లో దాన్ని మెరుగుపరిచాడు, 1898లో నోటిగొట్టం చివరకు కొత్త రూపం ఇచ్చాడు. ఆయన పైపును మధ్యకు కోసి చూస్తే లోపలి ఆలోచన వెంటనే అర్థమవుతుంది. గిన్నె నుంచి వచ్చే రంధ్రం మెడలోని ఒక వెడల్పాటి అరలోకి తెరుచుకుంటుంది. ఆ అర, రంధ్రం ఉన్న మట్టం దగ్గర ఆగిపోకుండా దానికంటె కిందికి బావిలా దిగి ఉంటుంది. పొగ పై భాగం నుంచి నోటిగొట్టంలోకి పోతుంది, నీరు బావిలోకి దిగుతుంది.

ఇందులో రెండు సంగతులను విడిగా చూడాలి. మొదటిది వేగం. 4 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి వచ్చిన పొగ 12 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న అరలోకి ప్రవేశిస్తే దాని వేగం తొమ్మిదో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే వ్యాసం మూడు రెట్లు పెరిగితే వైశాల్యం తొమ్మిది రెట్లు పెరుగుతుంది. వేగం తగ్గిన పొగ, తనతో ఈడ్చుకొచ్చిన పెద్ద నీటిచుక్కలను మోయలేక వదిలేస్తుంది. అరలో కొంచెం సేపు నిలుస్తుంది కాబట్టి చల్లబడడానికి కూడా వ్యవధి దొరుకుతుంది. రెండోది లోతు. మామూలు పైపుల్లో కూడా మెడకూ నోటిగొట్టానికీ మధ్య కొన్నిసార్లు ఒక ఖాళీ మిగులుతుంది, గొట్టం చివర మెడలోని రంధ్రం దాకా చేరకుండా ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆగిపోతుంది. అక్కడ కూడా పొగ సుడి తిరిగి, చల్లబడి, నీరు వదులుతుంది. అయితే ఆ ఖాళీ పొగదారి మట్టంలోనే ఉండడంతో చేరిన నీటిని వచ్చే ప్రతి దమ్మూ మళ్ళీ కదిలించి గురగుర పుట్టిస్తుంది. ఒకే ఖాళీ, లోతు లేకపోతే దోషం, లోతు ఉంటే ఉపాయం. పీటర్సన్ ప్రతిభ అంతా ఈ లోతును గుర్తించడంలో ఉందని నా అభిప్రాయం.

ఆయన నోటిగొట్టం కూడా ఇదే ఆలోచనకు కొనసాగింపు. దాని రంధ్రం మెడ వైపు వెడల్పుగా, నోటి వైపు సన్నగా ఉంటుంది, అందువల్ల గొట్టంలో పట్టిన నీరు వెనక్కి, బావి వైపుకే జారుతుంది. చివర రంధ్రం తిన్నగా నాలుక మీదికి కాకుండా పైకి తెరుచుకుంటుంది. దాంతో పొగ ముందు అంగిలిని తాకుతుంది, నాలుకకు నేరుగా తగలదు. మెడ చివర లోహపు పట్టీ బిగించడం వల్ల, పైపు వేడిగా ఉండగానే గొట్టం ఊడదీసి బావిలోని నీటిని పారబోసే వీలు కలిగింది. మామూలు చెక్క పైపులో వేడి మీద గొట్టం లాగితే మెడ చీలిపోయే ప్రమాదం ఉంటుంది.

పీటర్సన్ నీటికి దారి చూపిస్తే, మడ్డికి దారి చూపిన ఆలోచన 1910ల్లో లండన్‌లోని డన్‌హిల్ సంస్థ నుంచి వచ్చింది. పొగదారి లోపల అల్యూమినియంతో చేసిన ఒక పలుచని గొట్టాన్ని అమర్చారు. జిడ్డు చెక్కకు కాకుండా దానికి పడుతుంది, అది నిండినప్పుడు తీసి పారేసి కొత్తది వేసుకోవాలి. ఇది నీటిని ఆపదు, ఆపుతానని చెప్పదు కూడా. తుడవడానికి వీలు లేని చోట పేరుకునే మడ్డిని, చేతికి అందే చోటికి తెచ్చింది. నా దృష్టిలో ఇదీ పీటర్సన్ బావీ ఒకదానికొకటి పోటీ కాదు, ఒకే పైపులో ఉండవలసిన రెండు సగాలు.

20వ శతాబ్దంలో అమెరికాలో లోహపు పైపులు వచ్చాయి. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విమానశాస్త్రం బోధించిన ఫ్రెడరిక్ కర్స్టన్ అల్యూమినియం గొట్టాన్నే పైపు మెడగా మార్చాడు. ఆ విశ్వవిద్యాలయంలోని గాలి సొరంగానికి ఈయన పేరే ఉంది. లోహం వేడిని త్వరగా లాగి గాలిలోకి వదులుతుంది కాబట్టి ఆవిరి ఆ గొట్టంలోనే చాలావరకు నీరైపోతుంది. విప్పి కడుక్కోవచ్చు. ఫాల్కన్ అనే మరో పైపులో మెడ, నోటిగొట్టం స్థిరంగా ఉంటాయి, గిన్నెను మాత్రం మర విప్పినట్టు తిప్పి ఊడదీయవచ్చు. గిన్నె కింద చిన్న పళ్ళెం వంటి అర ఉంటుంది, అందులో నీటిని పీల్చే కాగితపు చుట్టు పెడతారు.

లోహపు పైపును విప్పినవారు అందులో కనిపించే నీటిని చూసి ఆశ్చర్యపోతారు, ఇంత మురికి నోట్లోకి పోకుండా ఆగిందా అని సంతోషిస్తారు. ఆ సంతోషంలో ఒక పొరపాటు దాగి ఉంది. చెక్క వేడిని మెల్లగా వదులుతుంది కనుక అందులో ఆవిరి కొంత ఆవిరిగానే నోటిదాకా పోతుంది, కొంతను చెక్క పీల్చుకుంటుంది. లోహం త్వరగా చల్లబరుస్తుంది, పీల్చుకోదు. అంటే లోహపు పైపులో కనిపించే నీటిలో చాలా భాగం ఎక్కువ శుద్ధికి కాక ఎక్కువ చల్లదనానికి గుర్తు. అరలో చేరిన ద్రవం ఎంతో చూసి పొగ ఎంత శుభ్రమైందో లెక్క కట్టడానికి వీల్లేదు.

పీల్చుకునే పదార్థాల దారి ఇంకొకటి. తెల్లమట్టి పైపులు తేమను పీల్చేవి, మడ్డి పట్టినప్పుడు వాటిని నిప్పుల్లో కాల్చి శుభ్రం చేసేవారు. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో దొరికే మీర్‌షామ్ అనే తేలికైన తెల్లని ఖనిజం స్పాంజిలా సూక్ష్మమైన రంధ్రాలతో ఉంటుంది. ఇప్పటి పైపుల్లో ఎక్కువగా వాడే బ్రయర్, మధ్యధరా తీరంలో పెరిగే ఒక పొద వేరు దగ్గరి బుడిపె చెక్క, అదీ కొంత తేమను లోనికి తీసుకుంటుంది. వీటన్నిటికీ ఒకే హద్దు ఉంది: పీల్చినదాన్ని ఆరబెట్టుకునే సమయం ఇవ్వాలి. అందుకే ఒకే పైపును రోజంతా వాడవద్దని అనుభవజ్ఞులు చెబుతారు.

ఈ వరుసలో తెలుగువారికి బాగా తెలిసిన కాయ ఒకటి ఉంది. దక్షిణాఫ్రికాలో పేరు పొందిన కాలబాష్ పైపును మన పెరట్లో పాకే సొరకాయ జాతి కాయతోనే చేస్తారు. కాయ లేతగా ఉన్నప్పుడే మెడను వంచుతూ పెంచి, ఎండబెట్టి, లోపల తొలిచి, పైన మీర్‌షామ్ గిన్నెను కూర్చోబెడతారు. గిన్నె కింద కాయ పొట్టంతా ఖాళీగా ఉంటుంది. పీటర్సన్ బావిలో జరిగేదే ఇక్కడ పెద్ద ఎత్తున జరుగుతుంది: పొగ విశాలమైన చోటికి వచ్చి నెమ్మదిస్తుంది, చల్లబడుతుంది, తేమను కాయ గోడకు వదులుతుంది. గిన్నెను పైకి ఎత్తి తీసేయవచ్చు కాబట్టి లోపలంతా తుడిచి ఆరబెట్టడం కూడా సులభం. పనితీరు పరంగా నాకు తెలిసిన వాటిలో ఇంత సరళమైన రూపం మరొకటి లేదు. దాని పరిమాణం ఒక్కటే అడ్డంకి, దాన్ని జేబులో పెట్టుకోలేం.

ఇక వడపోత బిళ్ళలు. కాగితం, బాల్సా చెక్క నీటినీ కొంత జిడ్డునూ పీలుస్తాయి. ఐరోపాలో ఎక్కువగా వాడే 9 మిల్లీమీటర్ల బిళ్ళల్లో ఉత్తేజిత బొగ్గు ఉంటుంది, అది వాయురూపంలో ఉన్న కొన్ని పదార్థాలను తన ఉపరితలం మీద పట్టి ఉంచుతుంది. ఆ బొగ్గు తడిస్తే దాని పట్టు తగ్గుతుంది. అందుచేత నీటిని ముందుగానే వేరు చేసే బావి లేకుండా బొగ్గు బిళ్ళ మాత్రమే పెట్టిన పైపు, సగం దూరం పోయేసరికి తన పని తానే చెడగొట్టుకుంటుంది.

ఇప్పుడు ఒక కొత్త పైపును గీయవలసి వస్తే ఏమేం చూసుకోవాలో ఈ అనుభవమంతా చెబుతుంది. గిన్నె అడుగున బూడిదను ఆపే జల్లెడ ఉండాలి, రంధ్రం సరిగ్గా అడుగు మట్టంలోనే తెరుచుకోవాలి, లేకపోతే రంధ్రం కింద మిగిలే పొగాకు ఎప్పటికీ తడిముద్దే. ఆ తర్వాత జిడ్డు పట్టే మార్చదగిన గొట్టం, ఆ తర్వాత పొగదారి మట్టానికి దిగువన బావి, బావి తర్వాతే బొగ్గు. బావి రెండు మిల్లీలీటర్లు పట్టేలా ఉంటే ఒక గిన్నె పొగాకు వదిలే నీటికి సరిపోయి, ఇంకా చోటు మిగులుతుంది. చాలామంది మరిచే సంగతి పైపు ఎప్పుడూ నోట్లోనే ఉండదన్నది. బల్ల మీద పక్కకు పడుకోబెడితే బావిలోని నీరు గోడ వెంట పాకి పొగదారిలోకి వస్తుంది. దీనికి రసాయన కర్మాగారాల్లో వాడే ఉపాయమే సరిపోతుంది. లోనికి వచ్చే గొట్టం, బయటికి పోయే గొట్టం రెండూ అర గోడతో సమానంగా ఆగకుండా, లోపలికి కొన్ని మిల్లీమీటర్లు పొడుచుకుని ఉండాలి. అప్పుడు పైపును ఎటు వంచినా నీరు గోడ పక్కనే నిలుస్తుంది గాని గొట్టాల నోళ్ళను అందుకోదు. బావి అడుగున మర మూత ఉంటే నోటిగొట్టాన్ని కదపకుండానే ఖాళీ చేయవచ్చు. అన్నిటికంటె తేలికైన మార్పు మాత్రం పైపులో లేదు, పొగాకును కూరేముందు కాసేపు ఆరబెట్టడంలో ఉంది.

ఇంత జాగ్రత్తగా చేసినా నోటికి చేరే పొగలో తుంపరలు ఉండనే ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; ఒక తుంపర వ్యాసం మైక్రాన్‌లో మూడో వంతు దాకా ఉంటే, నిలిచి ఉన్న గాలిలో అది సెకనుకు మిల్లీమీటరులో వందో వంతు కూడా కిందికి దిగదు. దమ్ము లాగినప్పుడు పొగ పైపులో ఉండేది ఒక లిప్తపాటు. బావి ఎంత లోతున ఉన్నా ఆ తుంపరలు దానిలోకి దిగే అవకాశమే లేదు. వంపుల దగ్గర గోడకు కొట్టుకోవడానికి కూడా వాటిలో చాలావాటికి బరువు చాలదు. కార్బన్ మోనాక్సైడ్ సంగతి చెప్పనే అక్కరలేదు, అది వాయువు, నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది, బొగ్గు బిళ్ళకూ చిక్కదు.

హుక్కా విషయంలో జరిగిన అపోహ కూడా ఇదే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో వెండి పొదిగిన బిదరీ హుక్కా కుండలను చూసినవారికి ఆ పనితనం మరపు రాదు. నీటి గుండా పోయిన పొగ చల్లగా, మెత్తగా తగులుతుంది, పెద్ద రేణువులు కొన్ని నీటిలో ఆగుతాయి కూడా. కాని ప్రతి బుడగ లోపలా ఉన్న పొగ నీటిని తాకకుండానే పైకి తేలిపోతుంది. పైగా చిలుము మీది బొగ్గులు తమ వంతు కార్బన్ మోనాక్సైడ్‌ను కలుపుతాయి. గంటసేపు హుక్కా పీల్చినవారు ఒక సిగరెట్టు కంటె 100 నుంచి 200 రెట్ల పరిమాణంలో పొగ పీల్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయన బృందం 2005లోనే హెచ్చరించింది. మెత్తగా తగలడం వల్లనే మనిషి అంతసేపు పీల్చగలుగుతాడు.

పైపుకూ ఇదే ప్రమాదం వర్తిస్తుంది. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి అయిన సర్జన్ జనరల్ 1964 నివేదికలో పైపు కాల్చడానికీ పెదవి క్యాన్సర్‌కూ కార్యకారణ సంబంధం ఉందని తేల్చారు. వేడి, పొగ తగిలే చోటును బట్టి జబ్బు వచ్చే చోటు మారుతుందనడానికి మన ఉత్తరాంధ్ర తీరమే సాక్ష్యం. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, చుట్ట నిప్పున్న వైపును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. ఇతర చోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా కనిపించడాన్ని వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. పీటర్సన్ పొగను నాలుక నుంచి అంగిలి వైపుకు మళ్ళించినప్పుడు నాలుక మంట తగ్గింది, ఆ పొగ మాత్రం నోట్లోనే ఉంది.

చివరిగా బావిలో చేరిన ద్రవం గురించి ఒక జాగ్రత్త. అందులో నికోటిన్ కరిగి ఉంటుంది, నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. తడిసిన పొగాకు తోటల్లో ఆకు కోసే కూలీలకు వాంతులు, తలతిప్పు రావడానికి కారణం అదే. బావిని ఖాళీ చేసేవారు ద్రవాన్ని కాగితంలో ఒత్తి చెత్తలో వేయాలి, తాగునీటి గిన్నెలు కడిగే తొట్టిలో పోయకూడదు, ఆ కాగితం పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా చూడాలి, వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గొట్టాన్ని సారాయి తడిపిన పుల్లతో తుడిచి, భాగాలన్నీ విడివిడిగా ఒక రోజు ఆరిన తర్వాతే మళ్ళీ బిగించాలి.